గద్దకూ గంపకూ మధ్య

భిలాయ్ సెక్టర్ 4లో మధ్యాహ్నం రెండు దాటితే సైకిళ్లు, మోటార్ సైకిళ్లు క్వార్టర్ల వైపు మళ్లుతాయి. ఉక్కు కర్మాగారంలో మొదటి షిఫ్టు దిగే వేళ అది. కొన్ని పెరళ్లలో మరో డ్యూటీ అప్పుడే మొదలవుతుంది. గూటి తలుపు తీయగానే ముందు పెట్టలు, వెనకాలే పుంజు, నేరుగా జామచెట్టు కింది దుమ్ములోకి. ఇంటాయన కాళ్లు కడుక్కుని అక్కడే స్టూలు వేసుకుంటాడు. చేతిలో టీ గ్లాసు, చూపు మాత్రం ఆకాశం మీద.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక ఎదిగిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు కరివేపాకు, మునగలతో పాటు కోళ్ల పెంపకాన్నీ పెరట్లోకి తెచ్చుకున్నాయి. సెక్టర్ల నిండా చెట్లు. ప్లాను గీసినవాళ్లు గద్దకు క్వార్టర్ కేటాయించలేదు గానీ, ఎత్తైన కొమ్మను అది ఎప్పుడో ఆక్రమించుకుంది.

ఊళ్లో కోడిని పొద్దున్నే వీధిలోకి వదిలేస్తారు. అరుగు మీద ఎవరో ఒకరుంటారు, ‘హుష్’ అంటే చాలు. క్వార్టర్లలో ఆ కాపలా లేదు. ఇంటాయన ప్లాంటులో, పిల్లలు బడిలో. అందుకే ఇక్కడ కోడి స్వేచ్ఛ షిఫ్టు టైమ్‌ను బట్టి నడుస్తుంది.

శత్రువులకూ షిఫ్టులున్నాయి. గద్ద, ముంగిస పగటి డ్యూటీ. పిల్లి, పునుగు పిల్లి రాత్రి డ్యూటీ. వీధి కుక్కకు వేళాపాళా లేదు. గద్ద సాధారణంగా పెద్ద పెట్ట జోలికి రాదు, దాని గురి పిల్లల మీదే. అందుకే రెక్కలు ముదిరేదాకా, ఆరేడు వారాలపాటు, తల్లినీ పిల్లల్నీ గంప కింద పెట్టడం పాత పద్ధతి. ముంగిస సంగతి వేరు. గూట్లో దూరిందంటే ఒక్కదానితో ఆగదు. తినేది కొంచెం, చంపేది ఎక్కువ.

చాలామంది మోసపోయేది జాలీ దగ్గరే. బజారులో దొరికే ఆరు పలకల కన్నాల సన్న జాలీ కోడిని లోపల ఆపుతుందే తప్ప ముంగిసను బయట ఆపలేదు. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ కావాలి. దాన్ని అడుగు లోతున పాతాలి, లేకపోతే శత్రువు మట్టి తవ్వుకుని వస్తుంది. తలుపుకు గడియ ఉండాలి, తాడు ముడి చాలదు.

ఇంత చేశాక ఎప్పుడూ లోపలే ఉంచితే సరిపోదా? ఖర్చు అక్కడే మొదలవుతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. అయిదు కోళ్లకు నెలకు పదహారు కిలోలు దాటుతుంది. బయట తిరిగే కోడి పురుగూ, గడ్డీ, వంటింటి మెతుకులూ ఏరుకుని అందులో కొంత తనే సంపాదించుకుంటుంది. ఇరుకులో పెడితే ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి. దుమ్ములో పొర్లే వీలు లేక పేలు పడతాయి. మరోవైపు, వదిలితే పక్కింటి కొత్తిమీర మడి పాడవుతుంది. ముంగిసతో పడే గొడవ కంటే ఆ గొడవే ఎక్కువ రోజులు సాగుతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. గుడ్ల లెక్కలో నాటుకోడి వాటికి సాటిరాదు. కానీ గద్ద నీడ పడగానే ఒక్క కూతతో పిల్లల్ని తుప్పలోకి తోలే నాటు పెట్ట తెలివికి గుడ్ల లెక్కలో చోటెక్కడ?

ఇప్పుడు ఆకాశం నుంచి మరో భయం. 2025 ఆరంభంలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లోనూ, గోదావరి జిల్లాల్లోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. అడవి పక్షుల రెట్టలతో వచ్చే ఈ జబ్బు ముందు, వదిలి పెంచడం గొప్ప అన్న వాదన తడబడింది. బ్రిటన్‌లో 2021-22 శీతాకాలంలో కోళ్లను నెలల తరబడి లోపలే ఉంచాల్సి రావడంతో గుడ్ల పెట్టెల మీద ‘ఫ్రీ రేంజ్’ మాటనే వాడకూడదన్నారు. సెక్టర్ 4 పెరట్లో పెట్టెలూ లేవు, లేబుళ్లూ లేవు. జబ్బు వార్త వినిపిస్తే తలుపు మూయడం, సద్దుమణిగాక తీయడం, అంతే.

చీకటి పడకముందే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. ఇంటావిడ గడియ పెట్టబోయి మళ్లీ లెక్కపెడుతుంది. ఒకటి తక్కువ. టార్చి పట్టుకుని మునగచెట్టు కిందికి వెళ్లి పైకి చూస్తుంది.