ఎదురుగాలిలో తేలిక చెల్లెళ్లు కూడా నిలబడొచ్చు



హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్న మన హాస్టల్ చెల్లెళ్లు ఇద్దరు మానేస్తామంటున్నారు. గాలి ఎక్కువైతే బోటు ఒరిగిపోతోందట. బరువున్నోళ్లకే ఈ ఆట అని ఎవరో అన్నారట. నా బరువు 46 కిలోలు. నాలుగేళ్లుగా బోటు నడుపుతున్నా. అందుకే ఈ పోస్టు.

గాలికి నేరుగా ఎదురుపోవడం ఏ తెరచాప బోటుకూ కుదరదు. సుమారు 45 డిగ్రీలు పక్కకు పట్టి, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిరుగుతూ పోవాలి. గుట్ట ఎక్కే దారి వంకరలు తిరిగినట్టే.

గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది. దాన్ని చేతి బలంతో ఎవరూ ఆపలేరు, తగ్గించుకోవాలి. మనం నడిపే ఐఎల్‌సీఏ 4 బోటు తెరచాప 4.7 చదరపు మీటర్లు. గాలి పెరిగితే అవుట్‌హాల్, కన్నింగ్‌హామ్, వ్యాంగ్ మూడు తాళ్లూ బాగా బిగించండి. తెరచాప పొట్ట తగ్గి చదునుగా అవుతుంది. గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు మెయిన్‌షీట్ బిగబట్టి కూర్చోకండి. కొంచెం వదిలి, ఒళ్లు బయటికి వాల్చి, బోటు నిటారుగా అయ్యాక మళ్లీ లాగండి. ఒరిగిన బోటు ముందుకు పోదు, పక్కకు జారుతుంది.

ఈ భారమంతా మోసేది తాళ్లే. మెయిన్‌షీట్ వదిలినప్పుడు బూమ్ పైకి లేవకుండా పట్టేది వ్యాంగ్. అది తెగితే తెరచాప మళ్లీ ఉబ్బుతుంది, బోటు చేతికి రాదు. నీళ్లలోకి దిగేముందు ప్రతి తాడునూ వేళ్ల మధ్య జార్చి చూడండి. పైపొర చిరిగిందా, ఎండకి గట్టిపడిందా, కప్పీ దగ్గర అరిగిందా? ముడి దగ్గర ఇంకా జాగ్రత్త. కొన్ని ముళ్లు తాడు బలాన్ని సగం వరకు తగ్గిస్తాయి. సాగే తాడు కూడా పనికిరాదు, బిగించింది గాలికే వదులైపోతుంది. అందుకే డైనీమా లాంటి సాగని తాడు వాడతారు.

బరువుంటే మేలే, కాదనను. కానీ ఆ చెల్లెళ్ల బోట్ల తాళ్లు నేను చూశాను. వ్యాంగ్ తాడు పీచులు లేచి ఉంది. తప్పు వాళ్ల ఒంట్లో లేదు. మనోళ్లు ఇచ్చింది తీసుకుంటారు, కొత్తది కావాలని నోరు తెరిచి అడగరు. అడగండి చెల్లీ. మొహమాటపడితే నీళ్లలో పడేది మీరే. జూలై గాలులు మొదలయ్యేలోపు తాళ్లు మార్పించుకోండి. ఒక్కరే అడగలేకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేనూ వస్తా.