మన తుమ్మచెట్టు పరాయి ఊళ్ళో

తుమ్మచెట్టు చూడ్డానికి ఎవరైనా ఆస్ట్రేలియా దాకా వెళతారా అని నవ్వుకోకండి. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, సముద్రానికి దూరంగా ఉన్న పడమటి మెట్టసీమలో మన నల్లతుమ్మ తిష్ఠ వేసుకుని కూర్చుంది. పిల్లల దగ్గరికి బ్రిస్బేన్ వెళ్ళివచ్చేవాళ్ళు మనలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. సముద్రపుటొడ్డూ, కంగారూలూ చూడ్డం అయ్యాక, ఓ వారం తీరిక చేసుకుని పడమటి దారి పట్టండి. వెళితే జూన్, జులై, ఆగస్టుల్లోనే వెళ్ళాలి. అప్పుడు వాళ్ళకు చలికాలం. డిసెంబరు, జనవరుల్లో అక్కడి ఎండలు మన రోహిణీకార్తెను మరిపిస్తాయి.

సుమారు 300 కిలోమీటర్లు వెళ్ళాక చించిల్లా అనే ఊరు వస్తుంది. దానికి కాస్త ఇవతల, బూనార్గా దగ్గర రోడ్డు పక్కనే ఓ మామూలు హాలు కనిపిస్తుంది. 1936లో కట్టిన ఆ హాలుకు పెట్టింది ఏ నాయకుడి పేరో కాదు, కాక్టోబ్లాస్టిస్ అనే పురుగు పేరు! 1920ల్లో ఆ ప్రాంతాల్లో నాగజెముడు దాదాపు 6 కోట్ల ఎకరాలు ఆక్రమించింది. ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళిపోయిన కుటుంబాలెన్నో. అర్జెంటీనా నుంచి తెచ్చిన ఈ పురుగును 1926లో వదిలితే, ఏడెనిమిదేళ్ళలో జెముడును చాలామటుకు తినేసింది. ఆ కృతజ్ఞతతో కట్టిన హాలు అది. తుమ్మ విషయంలో మాత్రం అంత అదృష్టం కలిసిరాలేదు.

అక్కడినుంచి ఇంకా పడమరకు, లాంగ్‌రీచ్ మీదుగా వింటన్ వెళితే ఎటు చూసినా గడ్డి మైదానమే. కాలి కింద చూడండి, మన నల్లరేగడే! వానకు బంక, ఎండకు చెయ్యి దూరేంత పగుళ్ళు. ఒక్క వింటన్ షైర్ వైశాల్యమే 53 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. అంటే మన పాత అనంతపురం జిల్లాలాంటివి దాదాపు మూడు పడతాయి. అనంతపురంలో 2011 లెక్కల ప్రకారం 40 లక్షల మంది ఉంటే, ఇక్కడుండేది సుమారు 1,100 మంది. పశువుల క్షేత్రాన్ని వాళ్ళు 'స్టేషన్' అంటారు. ఒక స్టేషన్‌లో ఒకటి రెండు కుటుంబాలుంటే ఎక్కువ. పక్కింటికి చక్కెర అప్పుకెళ్ళాలన్నా కారు తీయాల్సిందే. పిల్లలకు చదువు లాంగ్‌రీచ్‌లోని దూరవిద్య బడి నుంచి ఇంటికే వస్తుంది. దగ్గర కూర్చుని చదివించేది చాలా ఇళ్ళలో తల్లే.

ఇంత దూరం మన తుమ్మ ఎలా వచ్చిందంటారా? 1890ల్లో వాళ్ళే కోరి తెచ్చుకున్నారు. గొర్రెలకు నీడ, కాయలతో మేత అని మురిసిపోయి నాటారు. గొర్రెలున్నన్నాళ్ళూ పెద్దగా ఇబ్బంది లేదు. గొర్రె కాయ తింటే గింజను చాలామటుకు నమిలి పాడుచేస్తుంది. తర్వాత ఆవులూ ఎడ్లూ పెరిగాయి. పశువు అంత శ్రద్ధగా నమలదు కదా, గింజ చెక్కుచెదరకుండా పేడతో బయటికొస్తుంది. విత్తనమూ ఎరువూ ఒకేసారి! నీటి దగ్గరి పెద్ద చెట్టు ఏడాదికి లక్షా 75 వేల గింజల దాకా ఇస్తుంది. 1950ల్లో, 1970ల్లో వానలు బాగా కురిసిన ఏళ్ళలో తుమ్మ విజృంభించింది. 1957లోనే దాన్ని హానికర మొక్కగా ప్రకటించినా, నేడు 60 లక్షల హెక్టార్లకు పైగా పాకింది.

తుమ్మ గుబురైన చోట గడ్డి సగానికి సగం తగ్గిపోతుంది. ముళ్ళల్లోంచి పశువులను తోలుకురావడం గండమే. ఆ నేల పగుళ్ళలో కాపురముండే జూలియా క్రీక్ డన్నార్ట్ అనే చిట్టి జంతువుకూ నిలవనీడ లేకుండా పోతోంది. చూడ్డానికి చుంచెలుకలా ఉంటుంది గానీ, అది కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే తల్లి.

మరి ఇదే చెట్టు మనకెందుకు శత్రువు కాలేదు? ఒక్కసారి ఆలోచించండి. మన పల్లెల్లో దాని లేతకొమ్మ పళ్ళపుల్ల, కాయ మేకలకు, బంక మందుల్లోకి, కర్ర నాగలికీ బండికీ, మిగిలింది పొయ్యిలోకి. మొక్క తలెత్తేలోపు పది చేతులు పడతాయి. పైగా దాని ఆకు కొరికే మన పురుగులు ఉండనే ఉన్నాయి. అక్కడ అన్ని పురుగులూ లేవు, అన్ని చేతులూ లేవు. కంచెలు, పశువులు, నీటి తొట్లు, పిల్లల చదువు అన్నీ చూసుకునే ఆ ఇద్దరు ముగ్గురే ఈ తుమ్మనూ చూసుకోవాలి.

అందుకే వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అంతా ఒకేసారి శుభ్రం చేయాలనుకోరు. ముందు శుభ్రంగా ఉన్నచోటును కాపాడుకుంటారు, తర్వాత ఒకటీ అరా మొలిచినవి తీస్తారు, గుబుళ్ళ పని ఆ తర్వాతే. చిన్న చెట్లకు మొదట్లో డీజిల్‌లో కలిపిన మందు కొడతారు. పెద్ద గుబుళ్ళను రెండు బుల్డోజర్ల మధ్య గొలుసు కట్టి ఈడుస్తారు. కాయలు తిన్న పశువులను వేరేచోటికి తోలేముందు వారం రోజులు ఒక్కచోటే కట్టడి చేస్తారు, కడుపులో గింజలన్నీ అక్కడే పడిపోవాలని. పురుగుల కోసం కోయంబత్తూరు అటవీ సంస్థతో కలిసి తమిళనాడు, కర్ణాటకల్లో వెతికారు. దొరికిన వాటిలో కొన్ని అక్కడి దేశవాళీ తుమ్మజాతుల మీదా బతుకుతాయని పరీక్షల్లో తేలేసరికి వద్దనుకున్నారు. వాళ్ళ జాతీయ పుష్పం కూడా తుమ్మ చుట్టమే మరి!

ఒకసారి తీసి చేతులు దులుపుకుంటే చాలదు. నేలలో దాగిన గింజలు వాన పడితే మళ్ళీ మొలుస్తాయి. ఏటేటా తిరిగి చూడాల్సిందే. గిన్నెలు ఒక్కరోజు తోమి ఊరుకుంటే సరిపోతుందా? ఇదీ అంతే.

వాళ్ళను చూసి మనం నవ్వే వీల్లేదు. మన చెరువుల్లో, బీళ్ళలో అల్లుకున్న సర్కారు తుమ్మ మన దేశానిది కాదు. 1870ల్లో అమెరికా ఖండం వైపు నుంచి తెప్పించి కడప ప్రాంతంలో నాటినదే. వంటచెరకుకు పనికొస్తుందని తెచ్చారు. ఇప్పుడు చెరువు కట్టల మీద, వాగుల్లో దాన్ని పీకించలేక పంచాయతీలు అవస్థ పడుతున్నాయి. మంచి మనసుతో తెచ్చిందే రెండుచోట్లా ముల్లై గుచ్చుకుంది.

కాబట్టి ఈసారి పిల్లల దగ్గరికి సామాను సర్దేటప్పుడు గుర్తుంచుకోండి. కరివేపాకు, మామిడాకులు, తోటకూర విత్తనాలు, పూజకు తులసి మొక్క... 'ఇంతేగా' అని సంచి అడుగున దాచకండి. తిండి సరుకులు, ఆకులు, గింజలు ఏవి ఉన్నా విమానాశ్రయంలో ముందే చెప్పి చూపించాలి. దాస్తే జరిమానా పడుతుంది. అంత పట్టుదల ఎందుకా అని విసుగొస్తే, వింటన్ దారిలోని తుమ్మలను తలుచుకోండి. అవీ ఒకప్పుడు ఎవరి సంచిలోనో వచ్చిన గుప్పెడు గింజలే.