గుండెదడ – రక్తపోటు: మా అనుభవం

తెలుగు బోధించే మాకు వైద్యశాస్త్రంలో ప్రవేశం లేదు. ఐనా ఈ సంచికకు కావ్యచర్చ కాక గుండెదడను వస్తువుగా స్వీకరించటానికి మా ఇంటి చరిత్రే కారణం.

మా అబ్బాజాన్‌కు చాలకాలంగా రక్తపోటు. వారికొక దృఢమైన నమ్మకం ఉండేది: గుండె దడదడలాడిన నాడే పోటు పెరిగినట్లు, నెమ్మదిగా ఉన్ననాడు పోటు లేనట్లు. దడ కలిగిననాడు మాత్ర వేసుకునేవారు. లేనినాడు డబ్బా మూతయినా తీసేవారు కారు. ఎం.ఏ. చదివిన మేమూ అది సబబేననుకున్నాం! ఆ దడను మా దాదీ యూనానీ మాటలో ‘ఖఫఖాన్’ అనేది. పొరుగువారు గ్యాస్ అనేవారు. 2019లో ఒక వేకువన వారి కుడిచేయి, మాట ఒక్కసారిగా పడిపోయాయి. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయగా గుండె లయ పూర్తిగా తప్పి ఉన్నదని తేలింది.

అప్పుడు వైద్యులు వివరించగా మాకు తెలిసిన సంగతి ఇది. రక్తపోటు సాధారణంగా చప్పుడు చేయని జబ్బు. పై అంకె 180 దాటినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. 120 ఉన్నప్పుడూ దడ రావచ్చు. దడను బట్టి పోటును లెక్కగట్టటం, వాన చప్పుడు విని చెరువు లోతు చెప్పటం వంటిది. అట్లని రెండింటికీ సంబంధమే లేదనరాదు. ఏళ్ల తరబడి అధిక పీడనానికి ఎదురుగా రక్తాన్ని నెట్టి నెట్టి ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. దానికి పైనున్న కర్ణిక సాగుతుంది. సాగిన కర్ణికలో విద్యుత్ ప్రేరణల క్రమం చెడినప్పుడు, అది ముడుచుకొనటానికి బదులు వణకసాగుతుంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అబ్బాజాన్ పోటుకు కొలతగా భావించిన దడ, నిజానికి ఆ పోటు లోలోపల చేసిన చెరుపు.

గత సంవత్సరం మా వంతు వచ్చింది. తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చేయిస్తూ ‘భరనభభరవ’ అంటుండగా గుండె తప్పటడుగు వేసినట్లై, ఆగి, దబ్బున కొట్టింది. మరల అట్లే. బల్ల పట్టుకొని నిలిచాం. ఆ సాయంకాలం చూపిస్తే 164/102. మా వయస్సు ముప్పదియారు! ఆ రోజుల్లో జవాబుపత్రాలు దిద్దుతూ దినానికి ఏడెనిమిది కప్పుల చాయ్ తాగేవారం. నిద్ర నాలుగు గంటలు.

ఛాతీకి హోల్టర్ యంత్రం కట్టి ఇరవైనాలుగు గంటలు చూశారు. మాది వేరు జాతి దడ. ఒక స్పందన వేళకు ముందే వస్తుంది. పిదప కొంత విరామం. ఆ విరామంలో గుండె మరింత నిండుతుంది గనుక తరువాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. గుండె బాగున్నవారికి దీనివల్ల సాధారణంగా హాని లేదట. చాయ్ తగ్గించి, మెటోప్రొలాల్ మాత్ర మొదలుపెట్టాం.

తరువాతి వాక్యం రాయటానికి సిగ్గుగా ఉన్నది. దడ తగ్గిన మూడవ నెలలో మేమూ మాత్ర మానేశాం. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డగించే ఇటువంటి మందును హఠాత్తుగా మానితే ఆ ప్రభావం మరింతగా తిరగబడుతుంది. రెండు రోజుల్లో దడ, పోటు రెండూ మునుపటిని మించి వచ్చాయి. తండ్రి చేసిన తప్పు ఫలితం ఎదుట మంచంమీద ఉండగా చేసిన పని అది!

ఈసారి డాక్టరుగారు మాకు నాడి చూడటం నేర్పారు. నాడిని గూర్చి పారసీ భాషలో ప్రత్యేకంగా గ్రంథం రచించిన ఇబ్నె సీనా పేరు ఉర్దూ విద్యార్థులు వినే ఉంటారు. బొటనవేలి మొదట, మణికట్టుపై రెండు వేళ్లు ఆనించి, రెండవ చేత్తో బల్లమీద తాళం వేయాలి. ఛందస్సు చెప్పే మాకది కష్టం కాలేదు. మా నాడిలో ఒక అక్షరం ముందుకు జరిగినా పద్యం మరల దారిలో పడుతుంది. అబ్బాజాన్ నాడిలో గణమే దొరకదు. ఏ రెండు విరామాలూ సమానం కావు. ఆ తేడా చాలవరకు వేలికి తెలుస్తుంది. తేల్చవలసింది మాత్రం ఇ.సి.జి.యే. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పటం ఉన్నవారు నాడి లెక్కిస్తూ కూర్చోరాదు. తక్షణం ఆసుపత్రికి చేరాలి.

అబ్బాజాన్ ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటున్నారు. ఫజర్ నమాజు తరువాత కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి మా ఒడిలో ఉంచుతారు. మేము లెక్కపెడుతుండగా, ఇంకా పూర్తిగా తిరిగిరాని మాటతో, “గోలీ ఖాయా క్యా, బేటా?” అని మమ్మల్నే అడుగుతారు.