ఉప్పు తిన్న నూనె

మూడు సంచికల నుంచీ సంపాదకులు "మీరూ ఏదైనా రాయండి" అని అడుగుతున్నారు. కథలు నాకు రావు, వంటలు అసలే రావు. ముప్ఫై ఏళ్ళకు పైగా చేసిన పని ఒక్కటే నాకు బాగా తెలుసు. అది ముడి చమురులోంచి ఉప్పూ నీళ్ళూ తీయడం. దాని గురించే రాస్తున్నాను. విసుగు పుట్టించనని ఆశ.

మాది బాగేపల్లి దగ్గర ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పి.యు.సి. చింతామణిలో, ఇంజనీరింగు బెంగుళూరులో చదివాను. ఉద్యోగం మాత్రం తూర్పు తీరంలో ఒక చమురు శుద్ధి కర్మాగారంలో దొరికింది. తెలుగు మాట్లాడటం పుట్టుకతో వచ్చినా, చదవడం, రాయడం అక్కడ తోటి ఆపరేటర్ల దగ్గరే నేర్చుకున్నాను. కాబట్టి తప్పులుంటే మన్నించాలి. రిటైరయ్యాక చిక్కబళ్ళాపురంలో స్థిరపడ్డాను.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ అడిగింది.

"ఏమప్పా, అక్కడ ఏం పని చేస్తావుండావు?"

"నూనెలో ఉప్పు తీస్తానమ్మా."

"నూనెలో ఉప్పు ఎట్ల వస్తుంది? మన చింతామణి గానుగ నూనెలో ఎప్పుడన్నా ఉప్పు తగిలిందా?"

నేను చెప్పుకొచ్చాను. నేల పొరల్లోంచి పైకి వచ్చేటప్పుడు ముడి చమురు ఒంటరిగా రాదు. లోపలి ఉప్పు నీటిని కూడా వెంటబెట్టుకొని వస్తుంది. ఆ నీరు కంటికి కనిపించనంత చిన్న చుక్కలుగా నూనెంతా పరుచుకొని ఉంటుంది. ఒక్కో చుక్క చుట్టూ జిగట పొర ఒకటి. అందుకే రెండు చుక్కలు పక్కపక్కన ఉన్నా కలవవు, కిందికి దిగవు. మనం వాడే సోడియం ఉప్పుతో పాటు మెగ్నీషియం, కాల్షియం క్లోరైడులు కూడా వాటిలో ఉంటాయి.

"అయితే కాచితే సరిపోదా?" అంది అమ్మ.

కాచితే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోదు. పైగా అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది. చమురును కొలిమిలో సుమారు 350 డిగ్రీల దాకా వేడి చేస్తాం. ఆ వేడికి మెగ్నీషియం, కాల్షియం క్లోరైడులు నీటి ఆవిరితో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువును పుట్టిస్తాయి. అది ఆవిరిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. పెట్రోలు ఆవిర్లతో పాటు ఎత్తయిన స్తంభం పైకి ఎక్కుతుంది. అక్కడ చల్లబడి మొదటి నీటి చుక్క ఏర్పడగానే అందులో కరిగి, ఇనుమును తినడం మొదలుపెడుతుంది.

మరి ఉప్పు తీసేదెలా? నీళ్ళు పోసి! మా పనిలో తమాషా అదే. నీళ్ళు తీయవలసిన నూనెలో మేమే ఇంకా నీళ్ళు పోస్తాం. వంద లీటర్ల చమురుకు సుమారు అయిదు లీటర్లు. ముందుగా చమురును 120 నుంచి 140 డిగ్రీల దాకా వేడి చేసి పలచబరుస్తాం. జిగట పొరను విడగొట్టే మందు ఒకటి అతి కొద్దిగా కలుపుతాం. తర్వాత నూనెనూ నీళ్ళనూ ఒక ఇరుకైన వాల్వు గుండా తోస్తే బాగా చిలికినట్టు కలుస్తాయి. కొత్త నీళ్ళు పాత ఉప్పు చుక్కలను పట్టుకుంటాయి.

అక్కడి నుంచి డీసాల్టర్ అనే పెద్ద తొట్టిలోకి. పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది. లోపల ఇనుప జాలీలు, వాటి మధ్య పదిహేను, ఇరవై వేల వోల్టుల కరెంటు. ఆ కరెంటు శక్తికి నీటి చుక్కలు సాగి, ఒకదానినొకటి లాక్కొని, పెద్దవై, బరువెక్కి అడుగుకు దిగుతాయి. నీళ్ళు మరిగి ఆవిరి కాకుండా లోపల ఒత్తిడి ఉంచుతాం. అడుగు నుంచి ఉప్పు నీరు, పై నుంచి కడిగిన చమురు బయటికి వస్తాయి. కరెంటుతో చమురులోని నీటిని విడదీయవచ్చని చూపించింది అమెరికాలో కాట్రెల్ అనే ప్రొఫెసరు. 1911 నాటి మాట అది. నేటికీ అదే సూత్రం.

అమ్మ అంతా విని నవ్వింది.

"వెన్న కడిగినట్లే కదప్పా! దీనికి ఇంజనీరు కావాల్నా?"

నిజమే. చిలికి తీసిన వెన్నను అమ్మ చల్లటి నీళ్ళు పోసి, పిసికి, వంచేసి, మళ్ళీ పోసేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగేది. లోపల మజ్జిగ మిగిలితే వెన్న పులుస్తుంది, కాచేటప్పుడు చిటపటమంటుంది. మా డీసాల్టర్లూ అంతే. ఒకసారి కడిగితే ఉప్పు నూటికి తొంభై పాళ్ళు పోతుంది. వరుసగా రెండు తొట్లలో కడిగితే తొంభై తొమ్మిది దాకా పోతుంది. తక్కువ చిలికితే ఉప్పు మిగిలిపోతుంది. ఎక్కువ చిలికితే నూనే నీళ్ళూ విడిపోనంతగా కలిసిపోతాయి. ఆ హదను పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా లెక్క ప్రకారం, కడిగిన వెయ్యి పీపాల చమురులో ఉప్పు ఒక పౌండుకు మించకూడదు. అంటే లీటరుకు సుమారు 3 మిల్లీగ్రాములు. ఇది చూడటానికి ప్రతి షిఫ్టులోనూ నమూనా తీసి పరీక్షకు పంపేవాళ్ళం.

ఒకసారి నా వల్ల తప్పు జరిగింది. నీళ్ళు పంపే పంపు చెడింది. దానికి తోడుగా ఉండవలసిన రెండో పంపు అప్పటికే మరమ్మతులో ఉంది. ఉత్పత్తి తగ్గించడం నాకు నామోషీ అనిపించింది. నాలుగు రోజులకు ఏమవుతుందిలే అని, కడగకుండానే చమురును నడపమని లాగ్ పుస్తకంలో సంతకం చేశాను. మా పెద్ద ఆపరేటరు వద్దన్నాడు. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మేమంతా ఆయన్ను "గురువుగారూ" అనేవాళ్ళం. అయినా ఆ రోజు ఆయన మాట వినలేదు.

నాలుగు రోజులూ ఏమీ జరగలేదు. నేనే గెలిచాననుకున్నాను. కొన్ని నెలల తర్వాత స్తంభం పైన ఉండే కండెన్సరు గొట్టం కారింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు గానీ యూనిట్ ఆపవలసి వచ్చింది. ఆ ఒక్క కారణంతోనే కారిందని చెప్పలేం. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు. గురువుగారు ఆ గొట్టం ముక్క కోసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపలంతా మశూచి మచ్చల్లా గుంటలు.

"ఉప్పు వదిలిన చోట తినదు సార్. దూరంగా పోయి తింటుంది, ఆలస్యంగా తింటుంది" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇక అసలు సంగతి.

మా ఊళ్ళో నా చిన్నప్పుడు మెట్ల బావి నీళ్ళు తాగేవాళ్ళం. తర్వాత బావులు ఎండాయి. బోర్లు వచ్చాయి. మూడు వందల అడుగులన్నది అయిదు వందలైంది, ఆ తర్వాత వెయ్యి దాటింది. మాది చిత్రావతి పుట్టిన సీమే అయినా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. అంత లోతున నీళ్ళు రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి, రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. తీయగానే ఉంటాయి. నాలుకకు తెలియదు.

అమ్మ మోకాళ్ళు వంగడం మానేశాయి. నడుము బిగుసుకుపోయింది. వయసు కదా అనుకున్నాం. ఒక వేసవిలో మా అన్న మనవరాలు నవ్వితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు కనిపించాయి. బడి పంతులమ్మ "నీళ్ళు చూపించండి సార్" అంది. సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మా బోరులో దానికి రెట్టింపు పైనే ఉంది.

అమ్మకు చెప్పాను. కాసేపు ఆలోచించి అంది.

"ఆ నూనెను దినామూ చూస్తావుంటివి గదప్పా. ఈ నీళ్ళు ఒకసారన్నా చూసినావా?"

నిష్ఠూరంగా అనలేదు. నాకు మాత్రం బల్ల మీది గొట్టం ముక్క గుర్తొచ్చింది. ఇనుము మీద ముప్ఫై ఏళ్ళు చూపిన శ్రద్ధలో ఒక్క రోజుదైనా అమ్మ ఎముకల మీద చూపలేదు.

ఇప్పుడు ఊళ్ళో శుద్ధ నీటి యంత్రం ఉంది. నాణెం వేస్తే బిందె నిండుతుంది. చప్పగా ఉన్నాయని అమ్మ గొణిగేది గానీ, పోయేదాకా ఆ నీళ్ళే తాగింది. మోకాళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు. మనవరాలి చెల్లెలి పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ యంత్రం వడగట్టి వదిలే ఉప్పు నీరు వీధి కాలవలో కలిసి మళ్ళీ నేలలోకే ఇంకుతోంది. మా కర్మాగారంలో అయితే డీసాల్టర్ నీరు శుద్ధి చేయకుండా గేటు దాటకూడదు. ఈ సంగతి పంచాయతీలో రెండుసార్లు చెప్పాను. మూడోసారి కూడా చెప్తాను.

మనలో చాలామందికి ఊళ్ళో అమ్మానాన్నలో, అన్నదమ్ములో ఉన్నారు. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒక సీసా బోరు నీళ్ళు పరీక్షకు ఇచ్చి రండి. ఫ్లోరైడు కాచినా పోదు, గుడ్డతో వడకట్టినా పోదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే అంటారు పెద్దలు. ఆ నీళ్ళలో ఏముందో చూడవలసిన బాధ్యత మనది.