గ్రీజుకీ ఒక లెక్కుంది

మా పికప్పు బండి అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు మోస్తుంది. ఇంటి ఖర్చులూ, పిల్లల ఫీజులూ దాని మీదే. అందుకే ప్రొపెల్లర్ షాఫ్టుకి కొట్టే గ్రీజు డబ్బా నేనే కొంటాను.

"ఏ గ్రీజైతే ఏంటే?" అంటారు మావారు. ఏ నూనె పడితే అది ఆవకాయలో పోస్తామా అండీ? షాఫ్టు క్రాసులకి చాలా బళ్లలో లిథియం ఈపీ 2 గ్రీజు వాడతారు. రంగు చూసి కొనకండి, రంగు కలిపేదే. డబ్బా మీద రాసింది బండి పుస్తకంతో సరిచూసుకోండి.

ముందు నిపుల్ శుభ్రంగా తుడవాలి, లేదంటే గ్రీజుతోపాటు ఇసుకా లోపలికి పోతుంది. నాలుగు కప్పుల అంచుల్లోంచీ పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా గన్ను కొట్టాలి. 2022 జూలైలో వచ్చినట్టు గోదారి వరద వచ్చి బండి నీళ్లలో దిగిందా, గడువు కోసం ఆగకుండా వెంటనే కొట్టించాలి.

క్రాసు విరిగితే ఆ బండిలో ఉండేది మన మనిషే కదా!