పొగ లేని నిప్పుతోనే ప్రమాదం

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. నిజమే. కాని పొగ లేని నిప్పు మాత్రం ఉంటుంది. బాగా రాజుకుని, కణకణలాడుతూ, కంటికి పొగ కనబడని బొగ్గుల్లోంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వేసవికి మీరూ వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నారు. కాబట్టి అక్కడి ముచ్చటే ముందు చెబుతాను.

నేను కొన్నేళ్లు టెక్సాస్ రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్లో ఉద్యోగం చేశాను. మే నెల ఆఖరి సోమవారం అక్కడ మెమోరియల్ డే. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలచుకునే రోజు. శని, ఆది, సోమ వరసగా మూడు రోజులు సెలవు. మన పిల్లలు భోగిమంటకి కట్టెలు పోగుచేసినట్టు, అక్కడి పిల్లలు చెక్కముక్కలకీ పాత చక్రాలకీ వీధివీధీ తిరిగేవారు. ఎందుకంటారా? గో-కార్టు చెయ్యడానికి. మన ఊళ్లలో పాత బేరింగులు బిగించి పిల్లలు చెక్కబండి చేసుకునేవారు, జ్ఞాపకం ఉందా? దానికి అన్నగారనుకోండి. చిన్నవాళ్లది ఏటవాలు రోడ్డు మీద జారే బండి. కాస్త పెద్దవాళ్లది గడ్డికోత యంత్రం ఇంజను బిగించిన బండి. ఈ సరదా వాళ్లకి కొత్త కాదు. ఇంజను లేని ఇంటి బండ్లకి ఒహాయో రాష్ట్రంలో 1934 నుంచీ దేశవ్యాప్త పోటీలు ఉన్నాయి. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డికోత యంత్రం ఇంజనుతోనే మొదటి గో-కార్టు తయారుచేశాడు.

పిల్లలకి బండ్లయితే పెద్దలకి బ్రిస్కెట్. అంటే పశువు రొమ్ము మాంసం. మా ఇంట్లో అది తినం గాని, ఆ వంట చూడటం నాకు సరదాగా ఉండేది. గట్టి మాంసం కాబట్టి ఓక్ కట్టెల పొగలో, సుమారు 107 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, పది పన్నెండు గంటలు మగ్గబెడతారు. అర్ధరాత్రి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి భోజనం. మధ్యలో 65, 70 డిగ్రీల దగ్గర మాంసం వేడి గంటలకొద్దీ పెరగకుండా ఆగిపోతుంది. పైనున్న తేమ ఆవిరై చల్లబరుస్తుంది మరి. కూజాలో నీళ్లు చల్లబడేదీ, చెమట పట్టి మన ఒళ్లు చల్లబడేదీ ఈ సూత్రం మీదే.

ఉడికాక కోస్తే అంచు వెంబడి గులాబీరంగు చార ఉంటుంది. అది చూసి వాళ్లు వంటవాణ్ణి మెచ్చుకుంటారు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు కండలోని మయోగ్లోబిన్‌ని పట్టుకుంటే వచ్చే రంగు అది. ఆ కార్బన్ మోనాక్సైడే బతికున్న మనిషి రక్తంలో హెమోగ్లోబిన్‌ని కూడా అలాగే పట్టుకుంటుంది. ప్రాణవాయువు కంటే 200 రెట్లు గట్టిగా!

1998లో సెలవు సోమవారం నాడు ఇరుగుపొరుగు అందరం ఒక ఇంట్లో కలిశాం. మధ్యాహ్నం హఠాత్తుగా పెద్ద వాన. మగవాళ్లు నిప్పుల పొయ్యిని కారు షెడ్డులోకి తోశారు. జల్లు కొడుతోందని షెడ్డు తలుపు సగం దించారు. పిల్లలు గో-కార్టుతో సహా అక్కడే చేరారు. ఇంజను కూడా కాసేపు తిప్పి చూశారట. అరగంటకి ఆ ఇంటి చిన్నవాడు వచ్చి తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. “ఎండలో ఆడాడు, వడదెబ్బ కాబోలు” అంది వాళ్లమ్మ. ఇంకొకరు తిండి పడలేదేమో అన్నారు. ఇంతలో మా అమ్మాయి వచ్చి, “నాన్నా, నాకూ తల దిమ్ముగా ఉంది” అంది. వడదెబ్బయితే ఆ పిల్లవాడితో ఆగేది. మా అమ్మాయి ఆ రోజు ఏమీ తినలేదు, ఎండలోకీ వెళ్లలేదు. ఇద్దరూ కలిసి పీల్చింది ఆ షెడ్డులో గాలి ఒక్కటే.

పిల్లలందర్నీ వానలోకే లాక్కొచ్చాం. ఓ కుర్రాడు నడవలేక తూలిపోయాడు. అంబులెన్సు వాళ్లు వచ్చి మాస్కుతో ప్రాణవాయువు పెట్టి ఆస్పత్రికి తీసుకువెళ్లారు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ప్రాణవాయువు పెడితే గంటా గంటన్నరలో తగ్గుతుంది. పిల్లలంతా క్షేమంగా ఇంటికి వచ్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

“అది అమెరికా గొడవ, మనకెందుకు?” అనకండి. చలికి తలుపులు మూసి కుంపటి పెట్టుకునేవాళ్లు మనలో లేరా? కరెంటు పోతే జనరేటరు గదిలోనే పెట్టి తిప్పే దుకాణాలు లేవా? అన్నిటికంటే ముఖ్యం గ్యాసు గీజరు. కిటికీ లేని స్నానాలగదిలో అది వెలుగుతూ ఉంటే, తలుపు గడియ వేసుకుని స్నానానికి వెళ్లిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. పిలిచినా పలకడు. గుండెజబ్బు అనుకుంటాం.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. నిప్పుల కుంపటి, బొగ్గుల పొయ్యి, జనరేటరు ఆరుబయటే ఉండాలి. తలుపు సగం తెరిచి ఉంచితే చాలదు. గ్యాసు గీజరు స్నానాలగది బయట బిగించి, వేడినీళ్లు గొట్టంతో లోపలికి తెచ్చుకోవాలి. షెడ్డులో కారు ఇంజను తిప్పుతూ కూర్చోకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వచ్చి, బయటికి రాగానే నెమ్మదిస్తే ఈ విషవాయువునే అనుమానించండి. ముందు మనుషుల్ని బయటికి తెండి. తర్వాత ఇక్కడైతే 108కి, అక్కడైతే 911కి ఫోను చెయ్యండి. వేలికి తగిలించే ఆక్సిమీటరు అంకె బాగుందని ధైర్యపడకండి. ఈ విషాన్ని అది ప్రాణవాయువుగానే లెక్కవేస్తుంది. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. తల్లి తేరుకున్నా కడుపులో బిడ్డకు హాని జరగవచ్చు.

అమెరికాలో మీ పిల్లల ఇంట్లో ఈ వాయువుని కనిపెట్టి మోగే అలారం ఉందో లేదో ఈసారి ఫోనులో అడగండి. మీ ఇంట్లో గీజరు ఎక్కడ బిగించారో మాత్రం ఇవాళే లేచి చూసుకోండి.