కరవులో లేచిన గోపురం... వరదకు నిలిచిన కట్ట

హైదరాబాద్‌ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. ఆ ఒక్క రోజులోనే అడవి, పల్లెలు, నూరేళ్ల చర్చి, అంతే వయసున్న చెరువు... అన్నీ మెదక్‌ దారిలోనే!

బాలానగర్‌ మీదుగా నర్సాపూర్‌ చేరేసరికి నగరం రొద తగ్గిపోతుంది. రోడ్డుకు రెండువైపులా చెట్లు, వాటిమీద కోతుల గుంపులు. అడవి దాటితే మళ్లీ పొలాలు. దారిలో కొల్చారం దగ్గర ఆగితే జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడి విగ్రహాన్ని చూడొచ్చు. అక్కణ్నుంచి మెదక్‌ ఎంతో దూరం లేదు.

ఊరు రాకముందే చర్చి గోపురం పలకరిస్తుంది. ఎత్తు 175 అడుగులు మరి! 1914లో మొదలుపెట్టి పదేళ్లపాటు కట్టారు. 1924 క్రిస్మస్‌ రోజున తలుపులు తెరిచారు. కట్టించింది చార్లెస్‌ వాకర్‌ పోస్నెట్‌ అనే ఇంగ్లిష్‌ మిషనరీ. అవి కరవు రోజులు. ఊరికే అన్నం పెట్టేకన్నా పని ఇచ్చి తిండి పెడితే మేలని ఆయన ఈ నిర్మాణం తలపెట్టారని ఇక్కడివాళ్లు చెబుతారు. అందుకే కాబోలు, ఈ గుడి తాతలు రాళ్లు మోసి కట్టిందంటూ తమ ఇంటి సంగతిలా చెప్పుకుంటారు.

లోపల అసలు అందం మూడు రంగుటద్దాల కిటికీలది. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం... బయటి నుంచి చూస్తే నల్లగా కనిపించే ఆ గాజుముక్కలు లోపల ఎండ పడగానే వెలిగిపోతాయి. పొద్దు వాలితే ఆ బొమ్మలు కనిపించవు. కాబట్టి మధ్యాహ్నంలోపే చూసెయ్యాలి.

భోంచేసి ఎల్లారెడ్డి దారి పడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో పోచారం. చర్చి పనులు సాగుతున్న కాలంలోనే నిజాం ప్రభుత్వం మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా ఈ రాతి ఆనకట్ట కట్టించింది. 1922లో పూర్తయింది. అక్కడ అన్నం కోసం గుడి, ఇక్కడ పంట కోసం చెరువు. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలు ఇప్పటికీ ఈ నీళ్లతోనే పండుతాయి. 2025 ఆగస్టు చివర్లో కుండపోత వానకు చెరువు ఉగ్రరూపం దాల్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు ఊపిరి బిగబట్టాయి. కానీ పాత కట్ట నిలబడింది!

చెరువు పేరే అభయారణ్యానికీ వచ్చింది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి ఇది. ఇప్పుడు అక్కడి జింకల కేంద్రంలో చుక్కల దుప్పులు, మనుబోతులు భయం లేకుండా మేస్తుంటాయి. చలికాలంలో చెరువులో నీళ్లుంటే పక్షులకు పండగే. ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలతాయి. నీళ్లు ఇంకితే అవీ రావు, పొలాలూ పచ్చబడవు. రైతూ కొంగా ఒకే చెరువు కేసి చూస్తుంటారన్నమాట.

వెళ్లాలంటే...

హైదరాబాద్‌ నుంచి మెదక్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. 2022 నుంచి రైలూ నడుస్తోంది. పోచారం కూడా చూడాలనుకుంటే సొంత వాహనం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధన జరుగుతుంది కాబట్టి అది ముగిశాక లోపలికి వెళ్తే బాగుంటుంది. అడవికి వెళ్లేటప్పుడు మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. ఖాళీ సీసాలు మాత్రం తిరిగి తెచ్చేసుకోండి!